గాలి లేని చోట నల్లజెండా

2025 జనవరి 16న, భూమికి సుమారు 475 కిలోమీటర్ల ఎత్తున, రెండు చిన్న ఉపగ్రహాలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఒక్కోటి 220 కిలోల బరువు. అంతకు పదిహేడు రోజుల ముందు, డిసెంబర్ 30 రాత్రి, శ్రీహరికోట నుంచి ఒకే రాకెట్‌లో పైకి వెళ్ళిన కవలలవి. ఇస్రో ఆ ప్రయోగానికి స్పేడెక్స్ అని పేరు పెట్టింది. రెండింటినీ కలవడానికే తయారుచేశారు. రెండింటికీ కింద నుంచి దారి చెప్పేది ఒకే గొంతు. అయినా ముహూర్తం పెట్టడం, వాయిదా వేయడం రెండుసార్లు జరిగింది. గంటకు 27 వేల కిలోమీటర్ల పైచిలుకు వేగంతో భూమిని చుట్టేస్తున్న ఆ జంట, చివరి ఘడియలో మాత్రం సెకనుకు ఒక సెంటీమీటరు చొప్పున, చీమ నడకలా దగ్గరై కలిసింది.

ఆ వారం వార్తలు చదువుతున్నంతసేపూ నా మనసు చిన్నప్పటి నుంచి విడవకుండా చదువుతున్న ఒక రకం కథల మీదికే పోయింది. రోదసిలో ఓడదొంగల కథలవి. వాటిలో దొంగల నౌక సరుకుల నౌక పక్కకు వచ్చి కొక్కెం వేస్తుంది, తలుపు పగులుతుంది, కత్తులు పట్టుకుని మనుషులు లోపలికి దూకుతారు. అంతా ఒక్క పేరాలో అయిపోతుంది. కలవాలని కోరుకున్న రెండు నౌకలకే అన్ని రోజులు పడితే, తప్పించుకోవాలని చూసే నౌకను పట్టుకోవడానికి ఎన్నాళ్ళు పట్టాలి? తొంభై ఏళ్ళుగా రచయితలు ఈ ప్రశ్నను పక్కన పెట్టో, దానికి చక్కటి జవాబు కనిపెట్టో, ఈ కథలు రాస్తూనే ఉన్నారు. సముద్రాన్ని తీసేశాక ఓడదొంగ ఏమయ్యాడన్నది ఆ జవాబుల్లోనే ఉంది.

తెలుగు పాఠకుడికి ఓడదొంగ పరాయివాడు కాదు. స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలాండ్'ను నండూరి రామమోహనరావు 'కాంచన ద్వీపం'గా తెలుగు చేశారు. ఒంటికాలి సిల్వర్, భుజం మీద చిలక, పటం మీద ఎర్ర గుర్తు అలా మన ఇళ్ళలోకి వచ్చాయి. ఆ నండూరి వారే తర్వాత 'విశ్వరూపం' రాసి నక్షత్రాలనూ నీహారికలనూ తెలుగులో కళ్ళకు కట్టించారు. ఒకే చేతి నుంచి వచ్చిన ఆ రెండు పుస్తకాలూ మా అలమరలో పక్కపక్కనే ఉండేవి. నేను చెప్పబోయే కథలన్నీ ఆ రెండు అట్టల మధ్య సందులో పుట్టినట్టు నాకు అనిపిస్తుంది.

స్టీవెన్సన్ ఆ నవలను 1881లో, స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో, సవతి కొడుకుతో కలిసి గీసిన ఒక దీవి పటం నుంచి మొదలుపెట్టాడు. పుస్తకంగా వచ్చింది 1883లో. దాని బలం నిధిలో లేదు, సిల్వర్‌లో ఉంది. అతను కసాయివాడు కాడు. లెక్క తెలిసినవాడు, బ్యాంకులో ఖాతా ఉన్నవాడు, కథలోని కుర్రవాడు జిమ్ మీద నిజంగా మమకారం ఉన్నవాడు, అవసరమైతే ఆ మమకారాన్ని అమ్ముకోగలిగినవాడు. ఆ నిధి దాచిన పాత దొంగ ఫ్లింట్ ఓడలో అతని హోదా క్వార్టర్‌మాస్టర్. ఆ మాట వెనక చరిత్ర ఉంది. 18వ శతాబ్దపు మొదటి పాతికేళ్ళలో అట్లాంటిక్ మీద తిరిగిన దొంగ ఓడల్లో కెప్టెన్‌ను నావికులే ఎన్నుకునేవారు, నచ్చకపోతే దించేసేవారు. కెప్టెన్ చేతికి పగ్గంలా క్వార్టర్‌మాస్టర్ ఉండేవాడు. కొల్లసొమ్ము వాటాలుగా పంచుకునేవారు. బార్తొలొమ్యూ రాబర్ట్స్ ఓడ నియమాల్లో ప్రతివాడికీ ఓటు ఉంది, కాలో చెయ్యో పోగొట్టుకున్నవాడికి 800 వెండి నాణేల పరిహారం ఉంది. వర్తకపు ఓడల మీద కొరడా దెబ్బలూ ఎగ్గొట్టిన జీతాలూ చూసిన మనుషులు రాసుకున్న నియమాలవి. హంతకులే, సందేహం లేదు. కానీ ఆ హంతకులు తమలో తాము సమానంగా బతకడానికి ప్రయత్నించారు.

రోదసి కథలు పుట్టినప్పుడు ముందు జారిపోయింది ఈ సంగతే. 1934లో 'అమేజింగ్ స్టోరీస్' పత్రికలో ఇ.ఇ. స్మిత్ 'ట్రైప్లానెటరీ' ధారావాహికగా వచ్చింది. అందులో దొంగ గ్రే రోజర్ ఒక కృత్రిమ గోళం కట్టుకుని దాని మీద నిరంకుశుడిలా ఉంటాడు. అతని మనుషులు బంట్లు, వాటాదారులు కారు. అయినా స్మిత్ ఒక విషయం మొదటి అధ్యాయాల్లోనే పట్టేశాడు. హైపీరియన్ అనే ప్రయాణికుల నౌకను రోజర్ ఫిరంగులతో లొంగదీయడు. నౌక లోపలి గాలిలో విషవాయువు కలిపిస్తాడు. సముద్రం మీద గాలి ఎవడి సొత్తూ కాదు. రోదసిలో గాలి ఒక గొట్టంలోంచి వస్తుంది, ఆ గొట్టం ఎవడి చేతిలో ఉంటే ప్రాణం వాడి చేతిలో ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన మంచి కథలన్నీ తెలిసో తెలియకో ఈ గొట్టం చుట్టూనే తిరిగాయి.

స్మిత్ 1937లో మొదలుపెట్టిన 'గెలాక్టిక్ పెట్రోల్'లో దొంగలు ఇంకా పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళ నౌకల శక్తి రహస్యం గస్తీ దళానికి అంతుపట్టదు. దాన్ని దొంగిలించుకు రమ్మని కుర్ర అధికారి కిన్నిసన్‌ను పంపిస్తారు. అంటే దొంగల నౌకను పోలీసులు కొల్లగొట్టాలి. మంచి తిరగేత అది. అయితే పేజీలు తిరిగే కొద్దీ బోస్కోన్ అనే ఆ ముఠా ఒక మహా సామ్రాజ్యమని తేలుతుంది, ఓడదొంగ కాస్తా శత్రుదేశపు సైనికుడవుతాడు. అక్కడ నాకు ఆసక్తి సన్నగిల్లుతుంది. సైనికుడికి జీతం ఉంటుంది, జెండా ఉంటుంది, చచ్చిపోతే పేరు చెక్కుతారు. ఓడదొంగకు ఇవేవీ లేకపోవడమే కథ.

ఆ కాలపు పత్రికల్లో ఇలాంటివి కొల్లలు. 1941లో విల్సన్ టక్కర్ వీటిని ఈసడిస్తూ 'స్పేస్ ఒపేరా' అన్న మాట పుట్టించాడు. 1950 అక్టోబరులో 'గెలాక్సీ' పత్రిక తొలి సంచిక వెనక అట్ట మీద రెండు చిన్న కథల ముక్కలు పక్కపక్కన అచ్చువేసింది. ఒకటి గుర్రం మీద కౌబాయ్‌ది, ఇంకోటి రాకెట్ మీద వ్యోమగామిది. గుర్రం బదులు రాకెట్, పిస్తోలు బదులు కిరణం, మిగతా అంతా ఒకటే. ఇలాంటి కథ మా పత్రికలో కనబడదని సంపాదకుడు హెచ్.ఎల్. గోల్డ్ పాఠకులకు మాట ఇచ్చాడు. ఓడదొంగల కథలకు ఇంతకంటే మంచి గీటురాయి లేదు. నౌకను తీసేసి ఓడను పెడితే కథ చెక్కుచెదరకుండా నిలబడుతోందంటే, దాన్ని రోదసికి మోసుకెళ్ళిన శ్రమ వృథా.

ఐజాక్ అసిమోవ్ 1953లో పాల్ ఫ్రెంచ్ అన్న మారుపేరుతో రాసిన 'లక్కీ స్టార్ అండ్ ది పైరేట్స్ ఆఫ్ ది ఆస్టెరాయిడ్స్' పిల్లల నవల. దాన్ని ఈ గీటురాయి మీద సగం నిలిచిన పుస్తకంగా లెక్కిస్తాను. దొంగలు అంగారకుడికీ గురుడికీ మధ్య ఉన్న గ్రహశకలాల్లో దాక్కుంటారు. ఇది కరీబియన్ దీవుల నకలే. నిజానికి ఆ శకలాలన్నీ ముద్దగా చేసినా మన చంద్రుడి బరువులో నాలుగైదు శాతానికి మించదు. వాటి మధ్య దూరాలు సగటున లక్షల కిలోమీటర్లు. 1972లో పయొనీర్ 10 ఆ ప్రాంతంలోకి వెళ్ళి చెక్కుచెదరకుండా అవతలికి చేరింది. దాగుడుమూతలాడే గుబురు కాదది, పెద్ద మైదానంలో అక్కడొకటి అక్కడొకటి విసిరేసిన గులకరాళ్ళు. ఆ మాట అలా ఉంచితే, అదే పుస్తకంలో ఒక ద్వంద్వయుద్ధం ఉంది. కథానాయకుడూ ఒక దొంగా శూన్యంలో, చేతిలో గ్యాసు చిమ్మే తుపాకులతో తలపడతారు. ఆ చిమ్మే గ్యాసే వాళ్ళను కదిలిస్తుంది, అదే ఆయుధం కూడా. ఎదుటివాణ్ణి నెట్టినప్పుడల్లా తానూ వెనక్కి పోవాలి. న్యూటన్ మూడో సూత్రం అక్కడ కత్తిసాముగా మారింది. ఓడ డెక్ మీద ఆ పోరాటం జరగడానికి వీల్లేదు. రోదసి ఓడదొంగల కథకు కావలసింది ఇలాంటి దృశ్యాలే.

దొంగ దాక్కోవడం సముద్రం మీద తేలిక, రోదసిలో కష్టం. శూన్యం నేపథ్యం పరమ చల్లన, 2.7 కెల్విన్. ఇంజను మండించిన ఏ నౌకైనా చీకట్లో కొరివిలా వెలుగుతుంది. దారులు కూడా ఇష్టం వచ్చినట్టు ఉండవు. భూమి నుంచి అంగారకుడికి తక్కువ ఇంధనంతో వెళ్ళాలంటే 26 నెలలకోసారి గవిని తెరుచుకుంటుంది, ప్రయాణం ఎనిమిది నెలల పైమాటే. నౌక ఎప్పుడు బయలుదేరి ఎక్కడికి చేరుతుందో అందరికీ ముందే తెలుసు. ఇంకో సంగతి నన్ను మరీ పట్టి కుదిపేస్తుంది. నడిసముద్రంలో దోపిడీ జరిగితే ఆ కేక ఒడ్డుకు చేరడానికి నెలలు పట్టేది. రోదసిలో కేక కాంతి వేగంతో పోతుంది. అంగారకుడి దగ్గర నుంచి భూమికి 3 నుంచి 22 నిమిషాల్లో చేరుతుంది. సాయం మాత్రం నెలల తర్వాత వస్తుంది. లోకమంతా వింటూనే ఉంటుంది, ఒక్కడూ చేరుకోలేడు. ఈ ఘోరాన్ని వాడుకున్న రచయితలు తక్కువ.

వాడుకున్నవాళ్ళలో ముందు చెప్పాల్సింది జేమ్స్ ఎస్.ఎ. కోరీ అన్న ఉమ్మడి పేరుతో ఇద్దరు రాసిన 'లెవయథన్ వేక్స్', 2011. క్యాంటర్‌బరీ అనే పాత నౌక శని వలయాల నుంచి మంచుగడ్డలు తవ్వి సెరెస్‌కు మోస్తూ ఉంటుంది. దారిలో ఒక ఆపద సంకేతం వినబడుతుంది. దగ్గర్లో ఉన్న నౌక వెళ్ళి తీరాలి, అది చట్టం. అది ఎరేమోనని, దొంగలు కాచుకున్నారేమోనని లోపలివాళ్ళకు భయం. అయినా వెళతారు. మనిషిని మనిషి ఆదుకోవాలన్న ఆ ఒక్క నియమమే వాళ్ళను చంపుతుంది. ఎనిమిది తర్వాతి నవలల పొడవునా ఆ దెబ్బ మోగుతూనే ఉంటుంది. శకలాల మీద పుట్టి పెరిగిన జనం తాగే నీటికీ పీల్చే గాలికీ బయటివాళ్ళ మీద ఆధారపడి, చివరికి వాళ్ళలో కొందరు సరుకుల నౌకల మీద పడతారు. వాళ్ళ నాయకుడు ఇనారోస్ క్రూరుడు, పుస్తకం అతన్ని ఎక్కడా వెనకేసుకు రాదు. కానీ అతని వెనక నిలబడ్డ కూలీ కుటుంబాలకు ఉన్న కారణాన్ని కూడా దాచిపెట్టదు.

మంచు మీదే ఒక సినిమా కూడా ఉంది, 'ది ఐస్ పైరేట్స్', 1984. విశ్వంలో నీళ్ళు లేవు, అందుకని దొంగలు మంచు దోచుకుంటారని దాని ఊహ. శని వలయాలు నిండా నీటిమంచే, యురోపా పైపెంకు నీటిమంచే. మన ఇంటి చుట్టుపక్కలే అంత ఉంటే విశ్వంలో కరువేమిటి? రెండు కథల్లోనూ సరుకు ఒకటే. ఒకరు కరువును ప్రకృతి మీద పెట్టారు, ఒకరు ఆ మంచును మోసే నౌక ఎవరిది, పంచేది ఎవరన్న దాని మీద పెట్టారు. ఒకటి కథగా బతకడానికీ మరొకటి మాసిపోవడానికీ ఆ తేడా చాలింది.

ఇక ఈ మొత్తం సాహిత్యంలో నేను పదేపదే తిరిగి వెళ్ళే పుస్తకాలు మూడున్నాయి. మొదటిది హెచ్. బీమ్ పైపర్ రాసిన 'స్పేస్ వైకింగ్'. 1962 నవంబరు నుంచి 1963 ఫిబ్రవరి దాకా 'అనలాగ్' పత్రికలో వచ్చింది. పైపర్ పెన్సిల్వేనియా రైల్వేలో చాలా ఏళ్ళు పనిచేసినవాడు. సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుంది, దానికి ఎంత ఖర్చవుతుందన్న ధ్యాస అతని వాక్యాల్లో ఎప్పుడూ ఉంటుంది. ఒక మహా సమాఖ్య కూలిపోయింది. యుద్ధంలో ఓడి పారిపోయినవాళ్ళ సంతతి దూరాన కొన్ని గ్రహాల మీద స్థిరపడి, వాటికి పురాణ ఖడ్గాల పేర్లు పెట్టుకుంది. ఆ గ్రహాల నుంచి దొంగలు బయలుదేరి శిథిలమైన పాత గ్రహాలను దోచుకొస్తారు. గ్రామ్ అనే గ్రహం మీద ట్రాస్క్ అనే యువ జమీందారు ఈ దోపిడీకి వ్యతిరేకి. ధర్మం కోసం కాదు. బలమైన కుర్రాళ్ళూ, మంచి పనివాళ్ళూ, పెట్టుబడీ దోపిడీ నౌకల్లో ఎక్కి వెళ్ళిపోతే ఇంట మిగిలేదేమిటని అతని వాదన. దోచుకొచ్చిన బంగారంతో ఊరు బాగుపడుతుందనుకుంటే అది లోలోపల గుల్లవుతుంది. ఇంతలో పెళ్ళిరోజునే మతిచెడిన ఒకడు అతని పెళ్ళికూతుర్ని చంపి కొత్త నౌకను ఎత్తుకుపోతాడు. ట్రాస్క్ తన జమీ వదులుకుని ఇంకో నౌక సంపాదించి పగతో బయలుదేరతాడు. అంటే తాను కాదన్న దొంగతనంలోకే దిగుతాడు.

అక్కడి నుంచి పుస్తకం పగ కథలా కనబడుతూనే నెమ్మదిగా లెక్కల కథగా మారుతుంది. స్థావరానికి తిండి కావాలి, మరమ్మతుకు లోహం కావాలి. ఒక గ్రహాన్ని ఒక్కసారి దోస్తే ఒక్కసారే సొమ్ము, దానితో బేరం పెట్టుకుంటే ఏటా సొమ్ము. ట్రాస్క్ దోపిడీ నుంచి వర్తకానికీ, వర్తకం నుంచి పాలనకూ జారుకుంటూ పోతాడు. రాజ్యాలు ఇలాగే పుట్టాయని పైపర్ చెప్పకుండానే చెబుతాడు. నాకు ఈ పుస్తకంతో ఒక పెద్ద పేచీ ఉంది. దోచుకోబడ్డ గ్రహాల మీద మనుషులకు ఇందులో ముఖాలు లేవు. ఊళ్ళు కాలతాయి, కథానాయకుడికి కాసేపు మనసు బరువెక్కుతుంది, తర్వాత లెక్క మొదలవుతుంది. ఆ ఊళ్ళలోంచి ఒక్క గొంతైనా వినబడి ఉంటే ఇది చాలా పెద్ద పుస్తకం అయ్యేది.

ఆ గొంతు మిగతా రెండూ రాసిన రచయిత్రి దగ్గర దొరికింది. సి.జె. చెర్రీ 1981లో రాసిన 'డౌన్‌బిలో స్టేషన్'కు మరుసటి ఏడాది హ్యూగో పురస్కారం వచ్చింది. అందులో భూమి నుంచి వెళ్ళిన యుద్ధ నౌకాదళం ఒకటుంది. మజియన్ దాని అధిపతి. దూరాన యుద్ధం ఏళ్ళ తరబడి సాగుతుంది. భూమికి ఆసక్తి పోతుంది, సరఫరా ఆగిపోతుంది. ఆ దళం బతకడానికి వర్తక నౌకలను ఆపి సరుకు తీసుకుంటుంది, ఇంధనం తీసుకుంటుంది, చివరికి పనికొచ్చే కుర్రాళ్ళను కూడా లాక్కుపోతుంది. ఏ రోజున వాళ్ళు సైనికులు కాకుండా పోయి దొంగలయ్యారు? చెర్రీ ఒక గీత గీసి చూపించదు. ఒక్కో అడుగు, ఒక్కో అవసరం, ఒక్కో సాకు. నాకు తెలిసినంతలో దొంగ ఎలా తయారవుతాడో ఇంత నిజాయితీగా చూపిన రోదసి నవల మరొకటి లేదు.

మరుసటి ఏడాది ఆమె 'మర్చెంటర్స్ లక్' అనే చిన్న నవల రాసింది. చెర్రీ లోకంలో వర్తక నౌక అంటే ఒక కుటుంబం. తాతలూ పిన్నులూ పిల్లలూ అందులోనే పుట్టి అందులోనే పోతారు, ఇంటిపేరూ నౌకపేరూ కలగలిసిపోతాయి. శాండర్ క్రేయా చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు మజియన్ మనుషులు వాళ్ళ నౌకలోకి దూరి కుటుంబాన్ని చంపేశారు. దాక్కున్నందువల్ల బతికాడు. ఇప్పుడు పెద్దవాడై, దొంగ కాగితాలతో, అదే నౌకను దాదాపు ఒంటరిగా నడుపుకుంటున్నాడు. తనవాళ్ళు నడిచిన నడవాలు, తనవాళ్ళు పడుకున్న అరలు, అన్నీ ఖాళీ. ఇక్కడ కొక్కెం విసిరే దృశ్యం పాఠకుడికి గుండె ఉప్పొంగించే సాహసం కాదు. తలుపు లోపలివైపు నిలబడి విన్న చప్పుడు. సాహసకథలు చదివి పెరిగిన నాకు ఆ తలుపు ఎటువైపు నిలబడి చదువుతున్నానో మొదటిసారి ప్రశ్నించుకోవలసి వచ్చింది.

మనకు ఆ ప్రశ్న కొత్తది కాకూడదు. 1695లో హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషు దొంగ, మక్కా యాత్ర ముగించుకుని సూరత్‌కు తిరిగి వస్తున్న మొగల్ ఓడ గంజ్-ఇ-సవాయిని పట్టుకున్నాడు. లోపలి యాత్రికుల మీద రోజుల తరబడి అత్యాచారాలు జరిగాయి. ఔరంగజేబు మండిపడి సూరత్‌లోని ఇంగ్లీషు కంపెనీవాళ్ళను నిర్బంధించాడు. ఎవరీ మాత్రం దొరకలేదు. ఇంగ్లండులో అతని మీద పాటలు కట్టారు, నాటకం ఆడారు. ఆ పాటల్లోంచి వచ్చిన గర్వంగల, చలాకీ ఓడదొంగే తర్వాత నవలల్లోకీ, అక్కడి నుంచి రోదసిలోకీ నడిచాడు. ఆ ఓడ లోపలివాళ్ళు మనవాళ్ళు. వాళ్ళ మీద పాటలేవీ రాలేదు. ఇంకోపక్క కొంకణ తీరంలో మరాఠా నౌకాధిపతి కాన్హోజీ ఆంగ్రే తన జలాల్లో తిరిగే ఓడలు తన అనుమతిపత్రం తీసుకోవాలన్నాడు. ఇంగ్లీషువాళ్ళు అతనికి ఓడదొంగ అని పేరు పెట్టారు. 1729లో పోయేదాకా అతన్ని లొంగదీయలేకపోయారు. ఇవాళ ముంబయిలో భారత నౌకాదళ స్థావరానికి అతని పేరే ఉంది. ఎవరు దొంగ అన్నది ఓడ మీద జెండాను బట్టి కాక, పుస్తకం ఎవరు రాశారన్నదాన్ని బట్టి తేలిన సందర్భాలివి.

జపాన్ చిత్రకారుడు లేజీ మత్సుమోటో ఈ చిక్కును తలకిందులు చేశాడు. 1977లో మొదలైన అతని బొమ్మల కథ 'కెప్టెన్ హార్లాక్', మరుసటి ఏడాది 42 భాగాల టీవీ ధారావాహికయింది. 2977వ సంవత్సరం. యంత్రాలు అన్నీ చేసిపెడుతుంటే భూమి మీద జనం మత్తుగా పడి ఉన్నారు. శత్రువులు వస్తున్నారని చెప్పినా పాలకులకు పట్టదు. ఒంటికన్ను, చెంప మీద మచ్చ, నల్లకోటు, పుర్రె జెండా ఉన్న హార్లాక్ తన ఆర్కేడియా నౌకతో, నలభై మందితో ఆ భూమిని కాపాడుతుంటాడు. ఆ భూమే అతని తలకు వెల కట్టింది. ఆర్కేడియా వెనక భాగం పాత తెరచాప ఓడలా ఉంటుంది, చెక్క కిటికీలూ దీపాలతో. అర్థం లేని అలంకారమే. కానీ చనిపోయిన స్నేహితుడి ఆత్మ ఆ నౌక యంత్రంలోనే ఉందని తెలిశాక ఆ పాత రూపం పిచ్చిగా అనిపించదు, ఇల్లులా అనిపిస్తుంది. యుద్ధంలో ఓడి, తర్వాత సంపన్నమైన దేశంలో పెరిగిన తరం ఈ కథలో తన లోపలి సిగ్గునూ రోషాన్నీ చూసుకుందని నేననుకుంటాను. ఫ్రాన్సులో ఇతన్ని అల్బాతోర్ అన్న పేరుతో 1980 నుంచి ఒక తరం పిల్లలు ప్రేమించారు. హార్లాక్ దోచుకునేది చాలా తక్కువ. అతను దొంగ అనే కంటే వెలివేయబడ్డవాడు అనాలి. అది అతని ఆకర్షణా, అతని పరిమితీ కూడా.

జపాన్ నుంచే 2012లో వచ్చిన 'బోడేషస్ స్పేస్ పైరేట్స్'లో మారికా అనే బడిపిల్ల తండ్రి నుంచి దొంగ నౌకకు కెప్టెన్సీని వారసత్వంగా పొందుతుంది. ఎప్పుడో జరిగిన యుద్ధంలో ప్రభుత్వమే ఇచ్చిన దోపిడీ అనుమతిపత్రం ఆ నౌకకు ఉంది. గడువులోపల ఏదో ఒక దోపిడీ చేయకపోతే పత్రం రద్దవుతుంది. అందుకని విహార నౌకల మీద ప్రయాణికుల వినోదం కోసం ఉత్తుత్తి దోపిడీలు చేస్తారు. తేలిగ్గా నవ్వించే కథే. అయినా ఓడదొంగలకు ప్రభుత్వాలు కాగితాలు ఇచ్చిన చరిత్రను ఇంత సూటిగా వాడుకున్న రోదసి కథ నేను చూడలేదు.

సినిమా, టీవీల్లో మిగిలినవాటి గురించి ఎక్కువ చెప్పను. 'ఫైర్‌ఫ్లై' (2002) పద్నాలుగు భాగాలతో ఆగిపోయినా దొంగరవాణా చేసుకునే ఓడిపోయిన సైనికుల బతుకును ప్రేమగా చూపింది. బీబీసీ 'డాక్టర్ హూ'లో 1978లో డగ్లస్ ఆడమ్స్ రాసిన 'ది పైరేట్ ప్లానెట్'లో ఒక బోలు గ్రహం ఇంకో గ్రహాన్ని చుట్టేసి లోపలి ఖనిజాలన్నీ పీల్చేస్తుంది. పైన ఉన్న జనానికి ఎప్పటికప్పుడు గనులు నిండుతున్నాయని తప్ప ఇంకేమీ తెలియదు. సంపన్న దేశాల పౌరుడి గురించి ఇంతకంటే పదునైన రూపకం ఎక్కడైనా ఉందా? డిస్నీ 2002లో తీసిన 'ట్రెజర్ ప్లానెట్' మాత్రం కాసేపు ఆగి చూడాల్సింది. 14 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ఆ డబ్బు కూడా తిరిగి రాలేదు. దర్శకులు శూన్యంలో గాలి ఉన్నట్టు ఊహించుకున్నారు. పిల్లలు శిరస్త్రాణాలు లేకుండా తెరచాపల కింద నిలబడతారు, జుట్టు ఎగురుతుంది. పాతది డెబ్బై పాళ్ళు, కొత్తది ముప్పై పాళ్ళన్నది వాళ్ళు పెట్టుకున్న కొలత. అబద్ధమే, కానీ ముందే ఒప్పుకుని చెప్పిన అబద్ధం. సిల్వర్ దేహాన్ని గ్లెన్ కీన్ చేత్తో గీశాడు, అతని యంత్రపు చేయి మాత్రం కంప్యూటర్‌తో చేశారు. సగం మనిషి, సగం యంత్రం అన్న పాత్రను అలా రెండు రకాల గీతలతోనే కట్టారు. జిమ్‌తో అతని విడిపోవడం చూసినప్పుడు నాకు గెలాక్సీ పత్రిక గీటురాయి గుర్తు రాలేదు. స్టీవెన్సన్ ప్రాణం అందులో భద్రంగా ఉంది.

చట్టం ఈ కథలకు ఇంకా చేరుకోలేదు. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 101వ అధికరణంలో ఓడదొంగతనాన్ని నిర్వచించింది. అందులో ఓడలూ విమానాలూ ఉన్నాయి, వ్యోమనౌకల మాట లేదు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం నౌక ఏ దేశపు రిజిస్టరులో ఉందో ఆ దేశానికే దాని మీద అధికారం. ఆండీ వియర్ 'ది మార్షియన్'లో అంగారకుడి మీద ఒంటరిగా మిగిలిన మార్క్ వాట్నీ ఈ సందును పట్టుకుని, అనుమతి లేకుండా ఇంకో వాహనం ఎక్కబోతున్నాను కాబట్టి తాను రోదసి ఓడదొంగనని సంబరపడతాడు. చావు ముంగిట నిలబడ్డ మనిషి తనకు తాను పెట్టుకున్న ఆ బిరుదులో ఎంత ధైర్యం ఉందో! నిజం కూడా కథ వైపు నడుస్తోంది. 2020 ఫిబ్రవరిలో ఎంఇవీ-1 అనే వాహనం, అలా పట్టుకోవడానికి ఏ ఏర్పాటూ లేకుండా 2001లో పైకి వెళ్ళిన ఇంటెల్‌శాట్ 901 ఉపగ్రహాన్ని దాని ఇంజను నాజిల్‌లోకి పరికరం దూర్చి పట్టుకుంది. యజమాని కోరికమీదే, దాని ఆయుష్షు పెంచడానికే. కొక్కెం మాత్రం పనిచేసింది.

ఇంత నడిచాక నేను చివరగా చేతిలోకి తీసుకునేది ఆలస్టర్ రెనాల్డ్స్ 'రివెంజర్' (2016), దాని తర్వాత వచ్చిన రెండు నవలలు. రచయిత ఖగోళ శాస్త్రవేత్త, ఐరోపా అంతరిక్ష సంస్థలో పనిచేసినవాడు. చాలా దూర భవిష్యత్తులోని సౌరమండలం. నౌకలు సూర్యకాంతి ఒత్తిడితో నడిచే మైళ్ళ కొద్దీ తెరచాపల మీద పోతాయి. ఇది అలంకారం కాదు, భౌతికశాస్త్రం. అందుకే వేట నెలల తరబడి సాగుతుంది, తెరచాప రంగు కూడా ప్రాణాధారమవుతుంది. పాత నాగరికతలు వదిలివెళ్ళిన గోళాలు కొద్దికాలమే తెరుచుకుంటాయి, వాటిలోంచి నిధి తెచ్చుకుని బతికే నౌకలను బోసా సెన్నెన్ అనే దొంగ కాచుకుని కొడుతుంది. అడ్రానా, ఫ్యూరా అనే అక్కాచెల్లెళ్ళు ఇల్లు విడిచి నౌకెక్కుతారు. బోసా అక్కను ఎత్తుకుపోతుంది. చెల్లెలు వెంటపడుతుంది. ఆ వెంటపడడంలో ఫ్యూరా చెయ్యి పోగొట్టుకుని లోహపు చెయ్యి పెట్టించుకుంటుంది, అబద్ధం నేర్చుకుంటుంది, మనుషులను వాడుకోవడం నేర్చుకుంటుంది. ఆ మార్పు ఎంత నెమ్మదిగా జరుగుతుందంటే, చదువుతున్న మనం కూడా ప్రతి మెట్టు దగ్గరా ఆమెను సమర్థిస్తూనే దిగుతాం.

చివరికి బోసా నౌక అక్కాచెల్లెళ్ళ చేతికి వస్తుంది. పేరు మార్చి రివెంజర్ అని పెట్టుకుంటారు. కానీ దూరం నుంచి చూసే నౌకలకు కొత్త పేరు కనబడదు. తమను ఏళ్ళ తరబడి వేటాడిన ఆ పాత ఆకారమే కనబడుతుంది. అక్కాచెల్లెళ్ళు తాము బోసా కాదని ఎంత చెప్పుకున్నా ఆ నౌక మీద ప్రకటించిన బహుమానం కోసం వేటగాళ్ళు బయలుదేరుతూనే ఉంటారు.